చెరకు కట్టల వెనక దేవుడు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మా అమ్మకి చెప్పలేదు, కట్టుకున్నాయనకి చెప్పలేదు, చిన్నప్పటి నుంచీ రాసుకుంటున్న డైరీలో కూడా రాయలేదు. నాకు పిల్లలంటే భయం. బతుకంతా ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని. పదవీ విరమణ నాడు మెడలో బంతిపూల దండ వేసి, "ఈమెకి పిల్లలంటే ప్రాణం" అని పెద్దలు పొగుడుతుంటే తల వంచుకు కూర్చున్నాను. అందరూ అది వినయం అనుకున్నారు. నిజానికి తరగతి గది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కొంగు పిడికిట్లో నలిపి, గుండె చిక్కబట్టుకుని గానీ ఏ రోజూ లోపలికి అడుగు పెట్టినదాన్ని కాదు. పెద్దవాళ్ళు మన గురించి ఏమనుకున్నా మొహమాటానికి దాచుకుంటారు. పిల్లలు అలా కాదు. కళ్ళప్పగించి, మన మొహంలో ఏముందో మొత్తం చదివేసి, చదివింది పైకి అనేస్తారు. ఆ భయం ఎక్కడ మొదలైందో, దాన్ని పెట్టుకునే ఉద్యోగం ఎలా చెయ్యగలిగానో చెప్పాలంటే కోత పండగ సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, ఆడపిల్ల సిగ్గుపడితే లోకం మెచ్చుకునేది. నాకున్నది మాత్రం మెచ్చుకోదగ్గ సిగ్గు కాదు. ఇంటికి చుట్టాలొస్తే గాదె వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు వెళ్ళేదాకా అక్కడే ఏదో ఒక నవల చదువుకుంటూ కూర్చునేదాన్ని. (వాళ్ళు రెండు మూడు రోజులుంటే నవల అయిపోయేది గానీ నా సిగ్గు అయిపోయేది కాదు.) మాది శృంగవరపుకోట దగ్గర, కొండల వైపున్న చిన్న ఊరు. ఊరి చివర మిషను కాంపౌండు. అందులో చర్చి, ఆస్పత్రి, చిన్న బడి. నాన్న ఆస్పత్రిలో కాంపౌండరు. అమ్మ చర్చిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. ఎంతమందిలోనైనా లేచి గట్టిగా ప్రార్థన చెయ్యగలదు. ఆవిడ కడుపున నేనెలా పుట్టానో ఆవిడకీ అర్థమయ్యేది కాదు, నాకూ అర్థమయ్యేది కాదు.

టీచరు ట్రైనింగు ముగించుకొచ్చి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. సరిగ్గా అప్పుడే మిషను బడిలో ఒకటో తరగతి పంతులమ్మగారు ముసలితనం వచ్చి మానేశారు. ఆ చోటు నాకు దొరుకుతుందేమోనని ఇంట్లో ఆశ. దొరక్కపోతే అమ్మ దగ్గర ఇంకో ఏర్పాటు సిద్ధంగా ఉంది.

"పంతులమ్మ పని రాకపోతే నర్సు ట్రైనింగుకి పంపిస్తాను. అదీ గొప్ప పనే. ఎన్నాళ్ళిలాగ గాదె ఎనక దూరి కూకుంటావే?" అనేది.

గొప్ప పని కాదని నేనెప్పుడూ అనలేదు. నా అభ్యంతరం ఆ పని గొప్పతనం మీద కాదు, రక్తం మీద. ఒకసారి నాన్నకి అన్నం కేరేజీ పట్టుకెళ్ళి, ఆయన ఎవరి కాలికో పుండు కడుగుతుంటే చూసి, కేరేజీతో సహా కింద పడ్డాను. ఆ పూట నాన్నకి భోజనం లేదు. పుండున్నాయన లేచి నాకు బల్ల మీద చోటిచ్చాడు. అందుకని ఒకటో తరగతి చోటు రావాలని నేను చేసిన ప్రార్థనలు మామూలు ప్రార్థనలు కావు.

ఎవరికి ఇవ్వాలో తేల్చేది మిషను పెద్ద, దొరసానమ్మగారు. నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు, నవ్వుతున్నారో లేదో తెలియని మొహం. మన దేశం వచ్చినప్పుడు పండితుడి దగ్గరా బైబిల్లోంచీ తెలుగు నేర్చుకున్నారట. అందుకని ఆవిడ నోటి వెంట కాఫీ అడిగినా ప్రవచనంలాగే ఉండేది. నన్ను పిలిపించి, పైనుంచి కిందికి ఒకసారి చూసి అన్నారు.

"నీవు పిల్లలకు బోధించుట నేను చూడవలెను. ఆదివారపు బడి పిల్లలకు ఇశ్రాయేలు మొదటి రాజుల కథలు నేర్పుము. కోత పండుగనాడు వారిచేత ఒక కథ ఆడించుము. పిమ్మట నా మాట చెప్పెదను."

"సరేనండి" అన్నాను. పెదాలు కదిలాయి గానీ శబ్దం వచ్చిందో లేదో నాకు తెలియదు.

ఆదివారపు బడి చర్చి వరండాలో చాపల మీద. చుట్టుపక్కల పల్లెల నుంచి అమ్మానాన్నలతో ఆరాధనకి వచ్చిన పిల్లలందరూ (మా వైపు గుంటలంటారు) నా ముందు కూర్చునేవాళ్ళు. మొదటి ఆదివారం ఇంట్లో పాఠం చక్కగా రాసుకుని, అద్దం ముందు నిలబడి బట్టీ పట్టి వెళ్ళాను. "పూర్వకాలమున ఇశ్రాయేలు ప్రజలకు రాజు లేడు" అని మొదలుపెట్టానో లేదో, ముందు వరసలోంచి ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. పొట్టివాడే గానీ మాటలన్నీ ముసలివాళ్ళవి. తోటివాళ్ళు వాడిని "ముసలోడు" అనేవారు.

"రాజు నేకపోతే మరి సిస్తులెవులు వసూలు సేసినారండీ?"

నాకు తెలియదు. నేను రాసుకున్న దాంట్లో లేదు. "సమూయేలు అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనే తగవులు తీర్చేవాడు. ప్రజలు ఆయన దగ్గరికెళ్ళి మాకూ రాజు కావాలి అన్నారు" అని ఎలాగో దాటించాను.

"ఓట్లు ఏసినారేటండీ?" అని ఇంకొకడు.

"కోట ఏ ఊర్లో కట్టినారు?"

"ఏనుగున్నాదా?"

చుట్టూ జమీందార్ల కోటలు చూసి పెరిగిన పిల్లలు. వాళ్ళకి రాజంటే కోట, ఏనుగు, దసరాకి ఊరేగింపు. నా రాజుకి ఇవేవీ లేవు. "కోట నేని రాజేటి!" అని ముసలోడు పెదవి విరిచాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోవడం మొదలెట్టారు. ఇంక ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టేసి, ఏం చెప్తున్నానో నాకే తెలియకుండా, "ఆయన దగ్గర ఏనుగు లేదురా, గాడిదలున్నాయి. అవీ తప్పిపోయాయి" అన్నాను.

గిల్లుకోవడం ఆగిపోయింది. "ఎలగ తప్పిపోనాయండీ?"

గాడిదలు తప్పిపోవడమంటే వాళ్ళకి తెలిసిన కష్టం. సౌలు అనే పొడుగాటి కుర్రాడు వాళ్ళ నాన్న గాడిదల్ని వెతుక్కుంటూ కొండలెక్కి దిగడం, ఎదురైన వాళ్ళందరినీ అడగడం, చద్దిమూట అయిపోవడం, ఇంటి దగ్గర నాన్న గాడిదల సంగతి మర్చిపోయి కొడుకు కోసం బెంగపెట్టుకోవడం, అన్నీ చెప్పాను. (చద్దిమూటలో ఉల్లిపాయ నేను కలిపిందే.) ఆ రోజు నుంచి ఏ రాజు కథ మొదలెట్టినా, "అది తరవాత సెప్పండి, ముందు గాడిదలు సెప్పండి" అనేవారు. వాళ్ళడిగినన్నాళ్ళూ నా భయం కాస్త పక్కకి జరిగి కూర్చునేది.

పండగకి ఏ కథ ఆడించాలన్నది పెద్ద దిగులు. వడిసెల రాయితో రాక్షసుడంతవాణ్ణి పడగొట్టిన దావీదు కథే బాగుండేది గానీ, ఆ పాఠం చెప్పిన మర్నాడే పిల్లలు వడిసెలలు చేసుకుని ఆస్పత్రి కిటికీ అద్దం పగలగొట్టారు. నాన్న మందులు కలుపుతుంటే రాయి వచ్చి ఆయన పక్కన పడింది. "నీ దావీదులతో నా ప్రాణం మీదికొచ్చింది" అన్నారు. ఒకే బిడ్డ కోసం ఇద్దరు తల్లులు తగువుపడే సొలొమోను తీర్పుకి ఒక కత్తి, ఒక చంటిపిల్ల కావాలి. ఆ పిల్లల చేతికి కత్తీ చంటిపిల్లా ఒకేసారి ఇచ్చే ధైర్యం నాకే కాదు, ఎవరికీ ఉండదు. ఇక మిగిలింది సౌలు. రాళ్ళు లేవు, కత్తులు లేవు. గాడిదల వేటలో బయలుదేరతాడు. ప్రజలంతా కూడి చీటీలు వేస్తే రాజుగా అతని పేరు వస్తుంది. పేరు రాగానే భయపడి సామాన్ల మధ్య దాక్కుంటాడు. ఎక్కడున్నాడని సమూయేలు దేవుణ్ణి అడిగితే దేవుడు చెప్తాడు. బయటికి తీసుకొచ్చి నూనె పోసి రాజుని చేస్తారు. (నూనె పోయడం అంతకుముందే, ఎవరూ చూడకుండా జరిగిందని గ్రంథంలో ఉంది. పిల్లలు ఒప్పుకోలేదు. అందరి ముందూ పొయ్యకపోతే రాజయ్యాడని జనానికెలా తెలుస్తుందన్నారు.) సామాన్లలో దాక్కున్న ఆ రాజంటే నాకు చెప్పలేనంత ప్రేమ. ఎందుకో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

సమూయేలు వేషం ముసలోడికే. సౌలు ఎవరన్నదాని మీద తగువొచ్చింది. సౌలు అందరికంటే పొడుగు, ఎవరి తలైనా అతని భుజాల దాకానే అని నేనే చెప్పాను. మా పిల్లల్లో అందరికంటే ఎత్తు ఒక ఆడపిల్ల. "తాడి" అని ఏడిపించేవారు, తాడిచెట్టంత ఉందని. అందుకే పాపం ఎప్పుడూ నడుం వంచుకుని చివరి వరసలో కూర్చునేది.

"ఆడగుంట రాజేటి?" అని మగపిల్లలు లేచారు.

ముసలోడు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "టీసరమ్మ సెప్పింది ఇన్నారు కదా. పొడుగు సూసే కదా ఎన్నుకున్నారు. మనలో పొడుగెవులు? తాడి. అంతే."

తాడి నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది. "టీసరమ్మా, దాక్కోడమేనా? మాటాడక్కర్నేదా?"

"ఒక్క మాటా అక్కర్లేదు. దాక్కో, వాళ్ళొచ్చి పిలిస్తే బయటికి రా. అంతే."

దాని మొహం వెలిగిపోయింది. నాకు అసూయ కలిగిందంటే నమ్ముతారా?

ఇక మిగిలింది దేవుడు. దేవుడికి ఒకటే మాట: "అతడు సామాన్ల మధ్య దాక్కున్నాడు." పిల్లలెవరికిచ్చినా నవ్వేస్తున్నారు. చివరికి నేనే చెప్తానన్నాను. ఆలోచిస్తే నాకు తగిన వేషం అదొక్కటే. దేవుడు ఎవరికీ కనబడడు కదా! వేదిక పక్కనున్న పాస్టరయ్యగారి చిన్న గది తలుపు వెనక నిలబడి ఆ ఒక్క వాక్యం అనేస్తే నా పని అయిపోతుంది. దొరసానమ్మగారికి పిల్లలు కనబడతారు, నేను కనబడను, ఉద్యోగం వస్తుంది. ఇంత చక్కటి ఉపాయం తట్టినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

కోత పండగ నాటికి కళ్ళాల్లో పని అయిపోయి అందరి ఇళ్ళకీ గింజలు చేరతాయి. ఎవరికి పండింది వాళ్ళు చర్చికి తెచ్చి కానుకగా పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం పాడతారు. ఆ రోజు చర్చిలో వేదికకి ఎడమ పక్క సంతలా ఉంది. ధాన్యం బస్తాలు, చోళ్ళ (రాగుల) బుట్టలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన ఒక కోడి, వాటి వెనక గోడకి చేరవేసిన చెరకు కట్టలు. కట్టలకీ గోడకీ మధ్య ఒక మనిషి ముడుచుకుని పట్టేంత చోటు. సౌలు దాక్కోవలసిన చోటు అదే. అమ్మ తన పెళ్ళినాటి గంధం రంగు పట్టుచీర నాకు కట్టబెట్టి, "నడుం ఎత్తి నిలబడు. దొరసాని సూత్తాది" అంది.

పాస్టరయ్యగారి గదికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. విందుకి వండిన అన్నం గంపలు లోపల పెట్టారట, కుక్కలు దూరుతాయని తాళం వేశారట. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవాలంటే మగవాళ్ళ వైపు వెళ్ళి అడగాలి. అది నా వల్ల కాదు. ఇక దేవుడెక్కడి నుంచి పలకాలి? ఎటూ తోచక, చెరకాకు తాడి కళ్ళకి గుచ్చుకుంటుందేమో చూద్దామని (అని నాకు నేను చెప్పుకుని) కట్టల వెనక్కి ఒకసారి దూరాను. చల్లగా, చీకటిగా, తియ్యని వాసనతో ఉంది. అచ్చం మా ఇంట్లో గాదె వెనక ఉన్నట్టే.

దూరానో లేదో బయట జీపు ఆగిన చప్పుడు. అందరూ లేచి నిలబడ్డారు. పాట ఎత్తుకున్నారు. పాట అవగానే బయటికి వచ్చేద్దామనుకున్నాను. పాట అవగానే ప్రార్థన. అందరూ కళ్ళు మూసుకునే సమయం, జారుకోవడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కానీ అలవాటు కొద్దీ నేనూ కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దొరసానమ్మగారు నాకెదురుగా మొదటి బల్ల మీద కూర్చుని ఉన్నారు. చెరకుగడల సందులోంచి ఆవిడ గొడుగు కనబడుతోంది. మళ్ళీ కళ్ళు మూసేసుకున్నాను. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, "దేవా, నా నోట మాట రానియ్యి" అని అదే పనిగా అనుకుంటూ కూర్చున్నాను.

నాటకం మొదలైంది. గాడిదల వేట బాగానే సాగినట్టుంది, జనం నవ్వుతున్నారు. చీటీలు వేశారు. సౌలు పేరొచ్చింది. ఆ గోలలో నా పక్కనే చెరకాకు గలగలమంది. కోడి కాబోలనుకున్నాను, కళ్ళు తెరవలేదు. తర్వాత ముసలోడి గొంతు ఖంగుమంది.

"దేవా! సౌలు ఎక్కడున్నాడు?"

నా మాట అదే. నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

"దేవా! సౌలు ఏడీ అని అడగతన్నాను!"

జనంలో చిన్న నవ్వు. ఉన్నది నాలుగు మాటల వాక్యం, అందులో మొదటి మాటేమిటో గుర్తు రావడం లేదు.

"దేవా, ఇనబడతందా?"

వెనక బల్లల్లోంచి ఒక ముసలాయన, "పాపం, గుంటడు ఎంతసేపు పిలుస్తాడు, పలకవయ్యా!" అన్నాడు. నర్సు ట్రైనింగు, పుండ్లు, కేరేజీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ముసలోడు వాడి పద్ధతిలో తీర్పు చెప్పాడు.

"దేవుడు పలకడం నేదు. ఆయనకేటి పనున్నాదో! మనమే ఎతుకుదుము రండ్రా."

ఇశ్రాయేలు ప్రజలందరూ కానుకల మీద పడ్డారు. చోళ్ళ బుట్ట బోర్లా పడింది. గుమ్మడికాయలు దొర్లుకుంటూ బల్లల మధ్య నుంచి గుమ్మం దాకా వెళ్ళాయి. కోడి కాళ్ళకట్టు తెంచుకుని వేదిక మీదికి ఎగిరి, పాస్టరయ్యగారు ప్రసంగం చేసే బల్ల మీద కూర్చుంది. ఆఖరికి చెరకు కట్టలు పక్కకి జరిగాయి. వెలుతురు నా మొహాన పడింది.

"దొరికీసినాడు!" అని అరిచారు. వెంటనే, "ఓలమ్మ! టీసరమ్మ!"

నా రెండు చేతులూ పట్టుకుని బయటికి లాగారు. అందరూ నన్నే చూస్తున్నారు, ఆ పిల్లల కళ్ళు, వాళ్ళ వెనక ఊరు మొత్తం కళ్ళు. తాడి ఎక్కడా కనబడలేదు. ముసలోడు నూనె బుడ్డి పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు. ఏం చెయ్యాలో వాడికీ ఒక క్షణం తోచలేదు. నా భుజాల వంక చూశాడు. చుట్టూ ఉన్న పిల్లల తలల వంక చూశాడు. వాళ్ళందరి తలలూ నా భుజాల కిందే ఉన్నాయి. వాడి అనుమానం తీరిపోయింది.

"పొడుగే" అన్నాడు. "వంగండి."

ఎందుకు వంగానో నాకిప్పటికీ తెలియదు. వాడికి కొబ్బరినూనె చిన్న సీసాలో తెమ్మని చెప్పాను. వాళ్ళమ్మ కొబ్బరినూనె దండగని బుడ్డి నిండా ఆముదం పోసి పంపింది. రాజుకి నూనె పొదుపుగా పొయ్యకూడదు, గడ్డం దాకా కారాలి అని నేర్పింది నేనే. వాడు చెప్పిన మాట వినే పిల్లవాడు. ఆముదం నెత్తి మీద పడి, తొందరేమీ లేకుండా పాపిట్లోంచి నుదుటి మీదికి, చెవుల వెనక నుంచి మెడ మీదికి, మెడ మీద నుంచి గంధం రంగు పట్టు మీదికి దిగింది.

"రాజుకి జై!" అన్నారు పిల్లలు.

"ఓలమ్మా, నా సీర!" అంది ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ.

అప్పటిదాకా జనం అదంతా నాటకంలో భాగమే అనుకున్నారట. వెనకనున్న ముసలాయన, "ఏటి ఏసం కట్టినారు! ఎంత బాగుంది!" అని చప్పట్లు కూడా కొట్టాడట. దొరసానమ్మగారు మాత్రం లేచి నా ముందుకొచ్చారు. చర్చిలో కోడి తప్ప ఎవరూ కదలలేదు.

"ఈ నాటకములో నీవు ఎవరవు?" అన్నారు.

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "దేవుణ్ణండి" అన్నాను.

చర్చి కప్పు లేచిపోయేటట్టు నవ్వారు. పాస్టరయ్యగారు పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వులో నా ఉద్యోగం కొట్టుకుపోవడం నేను కళ్ళారా చూశాను. ఆవిడ నవ్వలేదు. నవ్వు ఆగేదాకా ఆగి, "మరి దేవుడు ఎందుకు పలుకలేదు?" అన్నారు.

ఆముదం కళ్ళలోకి దిగుతోంది. అప్పుడు ముసలోడు నా కొంగు పట్టుకు లాగాడు. "టీసరమ్మా, గాడిదల సంగతి సెప్పండి. పెద్దోళ్ళకి తెల్దు. మేం ఆడినాం గానీ మీరు సెప్పినట్టు రానేదు."

వాడి వంక చూశాను. వాడి మొహంలో వెటకారం లేదు, జాలి కూడా లేదు. నిజంగానే గాడిదలు కావాలి వాడికి. ఇంతకంటే పోయేదేముంది? నెత్తి మీద ఆముదం పోసుకుని ఊరి మధ్య నిలబడ్డ మనిషికి ఇంక దాచుకోవడానికి ఏం మిగులుతుంది? వాడితోనే చెప్పడం మొదలుపెట్టాను, వాడొక్కడే ఉన్నట్టు. గాడిదలు తప్పిపోయాయి. కొండలెక్కాడు, దిగాడు. చద్దిమూట అయిపోయింది. ఇంటి దగ్గర నాన్న గాడిదల్ని మర్చిపోయి కొడుకు కోసం వీధిలో నిలబడ్డాడు. గాడిదలు వాటంతటవే ఇంటికొచ్చేశాయి గానీ, వెతకబోయినవాడికి మాత్రం అడగని రాజ్యం వచ్చి పడింది. అడగనిది నెత్తిన పడితే ఎవరికి భయం వెయ్యదు? అందుకని దాక్కున్నాడు. దేవుడు వాడిని తిట్టలేదు. పిరికివాడని కొట్టెయ్యలేదు, ఇంకొకణ్ణి వెతకలేదు. ఎక్కడున్నాడో మాత్రం చెప్పాడు. వెళ్ళి తీసుకురమ్మన్నాడు.

చెప్పడం అయ్యాక చూస్తే పిల్లలందరూ దొర్లిన గుమ్మడికాయల మీద కూర్చుని వింటున్నారు. దొరసానమ్మగారు తిరిగి వెళ్ళి తన బల్ల మీద కూర్చున్నారు.

తర్వాత వేలం పాట. అదెంతసేపు జరిగిందో! ఆవిడ మొహం చూడలేక, ఒక మూల గోనెసంచితో మెడ తుడుచుకుంటూ నిలబడ్డాను. పగిలిన గుమ్మడికాయలు ఎవరూ పాడలేదు. పరువు కోసం అమ్మే అన్నీ పాడేసింది. (తర్వాత చాలా రోజులు మా ఇంట్లో గుమ్మడికాయ పులుసే. వడ్డించిన ప్రతిసారీ, "తిను, నీ రాజ్యమే" అనేది.) అంతా అయ్యాక గుమ్మం దగ్గర గొడుగు విప్పుతూ దొరసానమ్మగారు నన్ను పిలిచారు.

"ఒకటవ తరగతి నీది. సోమవారము రమ్ము" అన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగి, "ముందుగా తల కడుగుకొనుము" అన్నారు. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తాడి ఆడవాళ్ళ వైపు వాళ్ళ మామ్మ పక్కన చెరకు ముక్క నములుతూ దొరికింది. "ఎందుకే వచ్చేశావు? దాక్కోవడం ఒక్కటే కదా నీ పని" అన్నాను. తల వంచుకుంది. అంతమందిని చూసి భయమేసి పారిపోయిందనుకున్నాను. భయమంటే నాకంటే ఎవరికి తెలుసు? తల నిమిరి ఊరుకున్నాను. తర్వాత బళ్ళో చదువు చెప్పినన్నాళ్ళూ, పిరికి పిల్ల కనబడితే నాకు తాడే గుర్తొచ్చేది. వాళ్ళని ముందు వరసలోకి లాగకుండా, దాక్కోవడానికి కాస్త చోటు వదిలేదాన్ని.

ఎన్నో ఏళ్ళ తర్వాత, జుట్టు నెరిశాక, కొత్తవలస స్టేషన్లో విజయనగరం బండి కోసం కూర్చుని ఉంటే, "టీసరమ్మా!" అని ఎవరో పిలిచారు. తెల్ల చీరలో, నిటారుగా, స్టేషన్లో అందరికంటే ఎత్తుగా ఒకావిడ. నడుం వంపు ఎక్కడా లేదు. కొండల్లోకి వెళ్ళే కిరండూలు రైలు లైనులో ఒక ఆస్పత్రిలో పెద్ద నర్సట. (నేను పడిపోయిన చోట నిలబడింది నా పిల్ల.) ఇద్దరం టీ తాగాం. ముసలోడు పంచాయితీ ప్రెసిడెంటు అయ్యాడని చెప్పింది. "వాడికి వేరే దారేముంది?" అని నవ్వుకున్నాం. ఆవిడ బండి ముందొచ్చింది. ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాక, ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు అంత భయమేసిందేమే, చెప్పకుండా పారిపోయావు?"

తాడి ముందు అర్థం కానట్టు చూసింది, తర్వాత నవ్వింది. ఆ తర్వాత మేం కలవలేదు. ఇప్పటికీ ఎక్కడైనా చెరకు బండి ఎదురైతే, ఆ ఆకుల వెనక మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్న పిల్ల నాకు కనబడుతుంది. దాన్ని చూసి ఇప్పుడు సిగ్గు రావడం లేదు, నవ్వొస్తోంది. బండి కదులుతుండగా తాడి నాతో అన్న ఆఖరి మాటలు ఇవి:

"బయ్యమా? నాకేటి బయ్యం, టీసరమ్మా! దాక్కుందారని ఆకు తప్పించి సూసీసరికి, మీరు కళ్ళు మూసుకుని వణికిపోతన్నారు. అక్కడ ఇద్దరికి సోటు సాలదు కదా. నాకంటే మీకే ఎక్కువ కావాలనీసి, మీకొదిలీసి వచ్చీసినాను."